తమ్ముడి కోసం కొడుకుని కాదన్న రెండో ఛార్లెస్, చేసింది కరెక్టేనా?

పాతపేజీ:
ఇంగ్లండ్‌లో 1649లో రాజు తల తీసేశారు, పదకొండేళ్లు రాజే లేకుండా నడిపారు, మళ్లీ 1660లో ఆయన కొడుకునే పిలిచి సింహాసనం ఎక్కించారు. ఈ రెండో ఛార్లెస్‌కి భార్య కేథరిన్‌తో పిల్లల్లేరు, బయట మాత్రం చాలామందే ఉన్నారు, వాళ్లలో పెద్దోడు మాన్మత్, ప్రొటెస్టెంట్, జనంలో మంచి క్రేజ్ ఉన్న కుర్రాడు. లెక్క ప్రకారం వారసుడు మాత్రం తమ్ముడు జేమ్స్, ఆయనేమో ప్రొటెస్టెంట్ దేశంలో క్యాథలిక్ అయిపోయాడు, 1673లో క్యాథలిక్కులు ప్రభుత్వ పదవుల్లో ఉండకూడదనే టెస్ట్ యాక్ట్ వచ్చి నేవీ పదవి వదులుకునేసరికి ఊరంతా తెలిసిపోయింది. జేమ్స్‌ని తప్పించాలని 1679 నుంచి 1681 లోపు మూడుసార్లు బిల్లు తెచ్చారు. ఛార్లెస్ ఒప్పుకోలా, పార్లమెంటునే రద్దు చేసుకుంటూ పోయాడు. ఒప్పుకునుంటే తర్వాత అంత రక్తం కారేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నా.

గోదారిగట్టు:
పాతపేజీ గారూ, నేను ఒప్పుకోనండి. 1660లో ఆయన్ని ఏ హక్కుతో పిలిచారు? చచ్చిపోయిన రాజుకి పెద్ద కొడుకు అనే కదా. వారసుణ్ని పార్లమెంటు మార్చేయొచ్చు అని ఆయనే సంతకం పెడితే ఇక తన కుర్చీకి దిక్కేది. పైగా మాన్మత్ తల్లిని రాజు రహస్యంగా పెళ్లాడాడు, ఆ కాగితాలు ఓ నల్ల పెట్టెలో ఉన్నాయి అని పుకారు లేపితే ఛార్లెస్ కేథరిన్‌ని తప్ప ఎవర్నీ పెళ్లి చేసుకోలేదని రాతపూర్వకంగా ప్రకటించాడు. ఇంకో విషయం, ఆ బిల్లులో మాన్మత్ పేరే రాయలేదు. బిల్లుని ముందుండి నడిపిన షాఫ్ట్స్‌బరీ లాంటి వాళ్ల ఆశ అది, అంతే.

రాతిబండ:
మీరిద్దరూ వారసత్వం దగ్గరే ఆగిపోయారు, అసలు ఆ బిల్లుకి ఊపు ఎక్కడ్నుంచి వచ్చిందో చూడండి. 1678లో టైటస్ ఓట్స్ అనేవాడు క్యాథలిక్కులు రాజుని చంపబోతున్నారని కుట్ర కథ అల్లాడు, అదే టైంలో వాడి వాంగ్మూలం తీసుకున్న మేజిస్ట్రేట్ గాడ్‌ఫ్రీ శవమై దొరికాడు, ఇంక లండన్ మొత్తం పిచ్చెక్కిపోయింది. ఛార్లెస్ స్వయంగా వాణ్ని ప్రశ్నలడిగి అబద్ధాలు పట్టుకున్నాడు. రాణి మీదే విషప్రయోగం నింద వేస్తే భార్య పక్కన గట్టిగా నిలబడ్డాడు. మరి ఐర్లండ్ ఆర్చిబిషప్ ఆలివర్ ప్లంకెట్‌ని 1681 జులైలో ఉరికంబం ఎక్కిస్తుంటే ఎందుకు ఆపలేదు? క్షమాభిక్ష పెట్టే అధికారం ఆయన చేతిలోనే ఉంది కదా. ఇంట్లోవాళ్లకి ఒక న్యాయం, బయటోళ్లకి ఇంకో న్యాయం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

పాతపేజీ:
రాతిబండ గారూ, ప్లంకెట్ విషయంలో మీతో నేనూ ఉన్నా. కానీ వారసత్వం తేలకపోవడం వల్లే కుట్ర మీద కుట్ర పుట్టింది. 1683లో ఛార్లెస్‌నీ జేమ్స్‌నీ చంపాలన్న రై హౌస్ కుట్ర బయటపడితే మాన్మత్ హాలండ్ పారిపోయాడు. 1685 ఫిబ్రవరిలో ఛార్లెస్ పోయాడు, జూన్‌లో మాన్మత్ తిరుగుబాటుకని కొద్దిమందితో ఇంగ్లండ్ తీరంలో లైమ్ రీజిస్‌లో దిగాడు, జులై 6న సెడ్జ్‌మూర్‌లో ఓడిపోయాడు, రాజైన బాబాయ్ జేమ్స్ కాళ్ల మీద పడి బతిమాలినా ఆయన వినకుండా 15న తల నరికించాడు. జడ్జి జెఫ్రీస్ ఆ తర్వాత మాన్మత్ వెంట నడిచిన పల్లెటూళ్ల వాళ్లని వందల్లో ఉరితీయించాడు, ఇంకా కొన్ని వందలమందిని వెస్టిండీస్‌కి పంపేశారు. వాళ్లేం పాపం చేశారు చెప్పండి.

గోదారిగట్టు:
ఆ ఊచకోత జేమ్స్ పాపం, దాన్ని ఛార్లెస్ ఖాతాలో వేయకండి. 1688లో జేమ్స్‌ని దించింది ఎవరో చూడండి, సొంత అక్క కొడుకు విలియం, పైగా పెద్ద కూతురు మేరీ మొగుడు. మన లెక్కలో మేనరికం. అంటే మేనల్లుడే, అల్లుడే సైన్యం వేసుకుని వచ్చాడు. అప్పుడు కూడా సింహాసనం రాజు రక్తంలోనే ఉంది, బయట పుట్టిన కొడుకులకి పోలేదు.

రాతిబండ:
ఆ 1688లో కూడా అబద్ధం పనిచేసింది కదండీ. జేమ్స్‌కి జూన్‌లో కొడుకు పుడితే, వాడు రాణి కన్నబిడ్డ కాదు, ఎవరి పిల్లాడినో వార్మింగ్ పాన్‌లో (పక్క వెచ్చబెట్టే మూత గిన్నెలో) పెట్టి గదిలోకి తెచ్చారని పుకారు లేపారు. చిన్న కూతురు ఆన్ ఆ పుట్టుక మీద అనుమానంగా అక్కకి ఉత్తరాలు రాసింది, సొంత తమ్ముడి గురించి! 1685లో దొంగసాక్ష్యం నేరం రుజువై కొరడా దెబ్బలు తిని జైల్లో ఉన్న ఓట్స్‌ని కొత్త ప్రభుత్వం బయటికి వదిలింది, పెన్షన్ కూడా ఇచ్చింది. కాబట్టి 1680లో బిల్లు పాసైతే అంతా బాగుండేది అనేవాళ్లు, ఆ బిల్లు వెనక ఉన్న శవాల సంగతి కూడా చెప్పి అప్పుడు వాదించాలి.