డాబా కారుతోంది: పైన ఇంకో పొర గచ్చు వేయించాలా, తారు షీటా?

పటమట_పైఅంతస్తు:
విజయవాడ పటమటలో ఇల్లు. శ్లాబు వేసి 22 ఏళ్లయింది, డాబా 700 చదరపు అడుగులు. వాన మొదలైన రెండు మూడు గంటలకి హాల్లో ఫ్యాను రాడ్డు దగ్గర చుక్కలు పడుతున్నాయి. పడమటి పిట్టగోడ కింద మూల పొడుగునా చెమ్మ. ఒక మేస్త్రీ వాటర్‌ప్రూఫ్ పౌడరు కలిపి మొత్తం మీద 2 అంగుళాల గచ్చు వేద్దామంటున్నారు. ఇంకొకరు తారు షీటు పరిస్తే చాలంటున్నారు. ఏది నయమండీ? పైన 1000 లీటర్ల ట్యాంకు ఉంది.

వాటం_చూడండి:
ముందు ఆ ఫ్యాను లైను ఎంసీబీ దించేయండి. మిగతావి తర్వాత.

చుక్క పడేచోట పైన పగులు ఉంటుందనుకోకండి. శ్లాబులో కరెంటు పైపులు పోసినప్పుడే వేసేస్తారు కదా, నీరు ఎక్కడో ఓ చోట దిగి ఆ పైపు వెంబడే పారి ఫ్యాను పెట్టెలో తేలుతుంది. మీరు చెప్పిన రెండు లక్షణాలకీ ఒకటే కారణం కావచ్చు: పిట్టగోడ, శ్లాబు కలిసే అతుకు. గోడ ఇటుక, కింద కాంక్రీటు. ఎండకి రెండూ ఒకేలా సాగవు, అతుకు విడుతుంది.

వాన లేని రోజుల్లోనూ చెమ్మ పెరుగుతుంటే మాత్రం ట్యాంకు పైపులు చూడాలి.

పరీక్ష ఇలా. తూము మూసి, సిమెంటుతో చిన్న గట్టు కట్టి డాబాని నాలుగైదు భాగాలు చేయండి. ఒక్కో భాగంలో 2 అంగుళాల నీళ్లు నింపి 24 నుంచి 48 గంటలు ఉంచండి. 100 చదరపు అడుగులకి సుమారు 470 లీటర్లు పడుతుంది. గోడ పక్కన భాగం ఆఖరున నింపండి, లేకపోతే ఏది కారిందో తేలదు. కింద పెచ్చులు ఊడి చువ్వలు కనిపిస్తుంటే అసలు నింపొద్దు, బరువు.

బరువంటే గుర్తొచ్చింది. 2 అంగుళాల గచ్చు చదరపు అడుగుకి దాదాపు 10 కిలోలు. మీ డాబాకి 7 టన్నులు! 22 ఏళ్ల శ్లాబు మీద అంత మోపి, పగులు మాత్రం కిందే ఉంచేస్తారు. కొత్త గచ్చు ఎండకి నెర్రెలిస్తే నీరు రెండు పొరల మధ్య చేరి వాన ఆగాక కూడా వారం కారుతుంది.

తాపీ_పని:
పైవారితో ఏకీభవిస్తున్నా. పని క్రమం రాస్తున్నా.

పాకుడు, వదులైన గచ్చు వైరు బ్రష్షుతో గీకి కడగాలి. పిట్టగోడ అడుగున పూత ఊడగొట్టి, అతుకు వెంబడి, కనిపించే ప్రతి పగులు వెంబడి 10 మిల్లీమీటర్ల లోతున ఉలితో చీల్చాలి. పగులు మీద పైపైన పూస్తే రెండో వానకే ఊడుతుంది. సిమెంటు 1, ఇసుక 3, నీటిలో లాటెక్సు అనే పాలలాంటి జిగురు ద్రవం (10 కిలోల సిమెంటుకి 1 నుంచి 2 లీటర్లు) కలిపి కూరాలి. అదే మాలుతో మూలలో 2 అంగుళాల గుండ్రటి వాలు తీయాలి. తొంభై డిగ్రీల మూల వదిలేస్తే పూత అక్కడే తెగుతుంది. తూము చుట్టూ కూడా ఇంతే శ్రద్ధ కావాలి, కానీ చాలామంది వదిలేసేది అదే.

ఆరాక వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు. మొదటిది తడి మీదుండగానే మూలల్లో, పగుళ్ల మీద 6 అంగుళాల ఫైబరు జాలీ అద్దాలి. రెండోది అడ్డంగా. పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కించండి. గోడతో కలిపి 800 చదరపు అడుగులు అనుకుంటే, రెండు భాగాల (పొడి, ద్రవం కలిపి వాడే) సిమెంటు-అక్రిలిక్ రకం కిలోకి 8-10 చదరపు అడుగుల లెక్కన 80 నుంచి 100 కిలోలు. డబ్బా మీది లెక్క చూసుకోండి, రకాన్ని బట్టి మారుతుంది.

పప్పులో కాలేసేది ఇక్కడ: సిమెంటు కలిసిన రకానికి శ్లాబు తడిపి, నిలిచిన నీరు తుడిచి పూయాలి. ఒట్టి అక్రిలిక్ రకానికి శ్లాబు పూర్తిగా పొడిగా ఉండాలి. తారుమారైతే మొదటిది పొడై రాలుతుంది, రెండోది బుడగలు కడుతుంది.

ఫిబ్రవరి, మార్చి మంచి రోజులు. మేలో అయితే ఉదయం 9 లోపు, లేదా సాయంత్రం. పూత గట్టిపడేదాకా వడియాలు, మిరపకాయలు ఇంకెక్కడైనా!

తారు_షీటు_వేసేవాళ్లు:
తారు షీటు చెడ్డదేం కాదు. 3 లేదా 4 మిల్లీమీటర్ల షీటు, కింద ప్రైమరు, మంటతో అంటించి, 4 అంగుళాల అతుకు. కానీ పైన నడక ఉండకూడదు, ఎండ తగలకుండా పైపొర ఉండాలి. నల్లగా ఉంటే బెజవాడ ఎండకి పైగది పొయ్యే. బట్టలారేసుకునే డాబా మీద నేనైతే వద్దంటా. పైగా రేపు కారితే చిల్లు ఎక్కడో వెతకడం కష్టం, నీరు షీటు కిందే పారుతుంది.

పటమట_పైఅంతస్తు:
గట్లు కట్టి చూశాం. పిట్టగోడ పక్క భాగం నింపిన ఆరు గంటలకే ఫ్యాను దగ్గర చుక్క. మిగతావి పొడి. అయితే గోడ పక్కన కింద సీలింగు కొట్టి చూస్తే డొల్ల శబ్దం.

తాపీ_పని:
అయితే పైపని ముందు, సీలింగు తర్వాత. డొల్ల ఉన్నంత మేరా కొట్టేసి చువ్వల తుప్పు మెరిసేదాకా బ్రష్షు చేసి, జింకు ప్రైమరు రాసి, లాటెక్సు మాలుతో 10 మిల్లీమీటర్ల పొరలుగా పూయించండి. చువ్వ బాగా సన్నబడి ఉంటే మాత్రం పూతతో కప్పేయొద్దు, కింద నుంచి శ్లాబుకి ఊతాలు పెట్టి ఇంజినీరుని పిలవండి. పడమటి గోడకి ఇదొక్కటే చాలదేమో, బయటివైపు పగుళ్లు కూడా చూడండి. వాన గాలితో కొట్టేది ఆ వైపే అయితే గోడలోంచే దిగుతుంది.