అప్‌డేట్: ఏసీ గ్యాస్ లీక్ దొరికింది

స్ప్లిట్ ఏసీలో ఆర్-32 గ్యాస్ నింపించిన కొన్నాళ్లకే చల్లదనం తగ్గిపోతోంది, లీక్ పట్టుకోవడానికి ఎలక్ట్రానిక్ డిటెక్టర్ మంచిదా, యూవీ డై (యూవీ లైట్ వేస్తే లీక్ ఉన్నచోట మెరిసే రంగు) మంచిదా అని అడిగాను కదా. చివరికి డిటెక్టర్, సబ్బు నీళ్లు రెండూ కలిస్తేనే పని అయింది.

మెకానిక్ ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్ డిటెక్టర్ తెచ్చాడు. ఆర్-32కి కొంచెం మండే గుణం ఉంది కాబట్టి ఆ గ్యాస్‌కి పనికొస్తుందని రాసి ఉన్న డిటెక్టరే వాడాలి, ఇందులో మాత్రం రాజీ పడొద్దు. గ్యాస్ గాలి కంటే బరువు, అందుకని ఫ్యాన్ ఆపేసి, ప్రోబ్‌ని (డిటెక్టర్ కొనని) జాయింట్ కింది వైపు మెల్లగా జరుపుతూ పోవాలి. ఈ రకం సెన్సార్ చాలావరకు గ్యాస్ మోతాదు మారినప్పుడే కూస్తుంది, ఒకేచోట పెట్టి ఉంచితే ఊరుకుంటుంది, దాంతో లీక్ లేదనుకునే ప్రమాదం ఉంది.

అవుట్‌డోర్ యూనిట్ వాల్వుల దగ్గర కూసింది కానీ ఏ నట్టో తేలలేదు. అక్కడ చిక్కటి సబ్బు నురగ పూస్తే, లావు పైపు ఫ్లేర్ నట్ (వెడల్పు చేసిన పైపు చివరని, అంటే ఫ్లేర్‌ని, వాల్వుకి బిగించే నట్) వెనక ఆవగింజంత బుడగలు వరసగా లేచాయి! విప్పి చూస్తే ఫ్లేర్ అంచు మీద సన్నటి చీలిక. కొత్త ఫ్లేర్ చేసి, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించాలో అంతే బిగించే పానా) బిగించి, నైట్రోజన్ ప్రెషర్ పెట్టి చూశాం, గేజ్ ముల్లు కదల్లేదు, అంటే ప్రెషర్ తగ్గలేదు. తర్వాత వాక్యూమ్ చేసి (పైపుల్లోని గాలి, తేమ లాగేసి), గ్యాస్‌ని తూకం వేసి నింపారు.

డై అవసరం రాలేదు. అది కంప్రెసర్ ఆయిల్‌లో కలిసి లైనంతా తిరగాలి, దానికి టైమ్ పడుతుంది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.