కళ్ల కింద రాసే క్రీములో అమినోఫిలిన్: మా నాన్న ఆయాసం మందేనా ఇది?

రాత్రి డ్యూటీ, తిరుపతి:
మాది కోర్లగుంట. ఆసుపత్రి ల్యాబులో వారానికి నాలుగు రాత్రులు పని. పొద్దున ఇంటికొచ్చి అద్దం చూసుకుంటే కళ్ల కింద ఉబ్బు, నలుపు. పోయిన వారం పార్లర్లో ఒక ట్యూబు ఇచ్చి "కాఫీ నుంచి తీసిందే, సహజం" అన్నారు. వెనక చిన్న అక్షరాల్లో చదివితే కెఫీన్ లేదు, అమినోఫిలిన్ ఉంది. అప్పటినుంచి టెన్షన్. మా నాన్న ఆయాసానికి థియోఫిలిన్ మాత్ర వేసుకుంటాడు. మోతాదు కొంచెం మించినా వాంతులు, గుండెదడ వస్తాయని డాక్టరు గట్టిగా చెప్పి పంపారు. రెండూ ఒకటేనా? మూడు రోజులు రాసేశాను. ఎడమ కంటి కింద సన్నగా దురద.

ఫార్మసీ మాస్టారు, చిత్తూరు:
ముందు రాయడం ఆపమ్మా. మీ అనుమానం సరైనదే. రెండిటి అణువుల చట్రం ఒకటే, దానికి తగిలించిన మిథైల్ గుంపులనే చిన్న ముక్కలు కెఫీన్‌కు మూడుంటే థియోఫిలిన్‌కు రెండు. మనం తాగిన కాఫీలోని కెఫీన్‌లో నూటికి నాలుగు పాళ్ల దాకా కాలేయంలో థియోఫిలిన్‌గా మారుతుంది, అంత దగ్గరి చుట్టరికం. ఆ థియోఫిలిన్ నీళ్లలో బాగా కరగాలని ఇథిలీన్‌డయమీన్ అనే రసాయనంతో జత చేస్తే అమినోఫిలిన్. తొడల కొవ్వు కరుగుతుందని 1990లలో అమెరికాలో దీన్ని క్రీముల్లో అమ్మారు.

శనగగింజంత క్రీముతో నాన్నగారి మాత్రంత మందు ఒంట్లోకి పోదు, ఆ భయం వద్దు. నా భయం ఇథిలీన్‌డయమీన్ గురించి. చర్మానికి అలర్జీ తెప్పిస్తుందని దానికి ఎప్పటినుంచో పేరుంది. ఒకసారి పడకపోతే తర్వాత తగిలినప్పుడల్లా దద్దు లేస్తుంది. కంటి కింద చర్మం మరీ పలుచన. దీనికి అలర్జీ ఉన్నవాళ్లలో కొందరికి దురదకు వేసుకునే హైడ్రాక్సిజిన్, అరుదుగా సెటిరిజిన్ మాత్రలు కూడా పడవు. దురదగా ఉందని ఇంట్లో ఉన్న మాత్ర వేసేసుకోకండి.

బైరాగిపట్టెడ నుంచి:
అక్కా, నేను మామూలు కెఫీన్ సీరమే వాడుతున్నా, 5 శాతం. ఎండలని ఫ్రిజ్‌లో పెడితే రెండో రోజుకి డ్రాపర్ చివర తెల్లటి సూదుల్లాంటివి పేరుకున్నాయి. వేళ్ల మధ్య నలిపితే ఉప్పురవ్వలా గరగర. చెడిపోయిందా సార్?

ఫార్మసీ మాస్టారు, చిత్తూరు:
చెడిపోలేదు. మామూలు వేడిలో 100 మిల్లీలీటర్ల నీళ్లలో కెఫీన్ 2 గ్రాములకు అటూఇటూగానే కరుగుతుంది. మీ సీరంలో 5 గ్రాములు పట్టాలంటే వేరే ద్రావకాల సాయం కావాలి. చల్లబడితే పలుకులు కడుతుంది. బయటే ఉంచండి, ఆ పలుకులతో మాత్రం కంటి కింద రుద్దొద్దు.

ఇద్దరికీ ఒక మాట. కెఫీన్ రక్తనాళాలను కాసేపు బిగిస్తుంది, అందుకే పొద్దుటి ఉబ్బు కొంత దిగుతుంది. చర్మంలో దిగిన రంగును అది తీయలేదు. వెలుతురులో నిలబడి కింది రెప్పను మెల్లగా పక్కకు లాగి చూడండి. గోధుమరంగు కదలకుండా అలాగే ఉంటే అది చర్మం రంగు. ఊదారంగు ఇంకా ముదిరితే రక్తనాళాలు. నలుపు తగ్గితే అది గుంట నీడ, దానికి ఏ క్రీమూ పనిచేయదు.

రాత్రి డ్యూటీ, తిరుపతి:
లాగి చూశాను మాస్టారూ, ఊదారంగే ముదిరింది. నిన్న దురదకి సెటిరిజిన్ స్ట్రిప్పు చేతిలోకి తీసుకున్నదాన్ని, మీ మాట చదివి మళ్లీ డబ్బాలో పెట్టేశాను. దురద తగ్గలేదు, రెప్ప అంచు ఎర్రబడింది. రేపు డ్యూటీ దిగగానే ట్యూబు కూడా తీసుకుని చర్మం డాక్టరు దగ్గరికి పోతున్నా.