ఖరీదైన హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌లో డబ్బు ఫ్యూజు మీద పెట్టాలా, అవుట్‌పుట్ సాకెట్టు మీద పెట్టాలా?

జయనగర్ శ్రోత:

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో ఉంటున్న మా బావగారు తాను వాడుకున్న క్లాస్-ఏ హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌ను నాకు ఇచ్చారు. అక్కడి 115 వోల్టులకు అమర్చి ఉన్న దాన్ని ఇక్కడ బెంగళూరులో ఒక దుకాణంలో 230 వోల్టులకు మార్పించాను. కొంతకాలం చక్కగా పనిచేసి, మొన్న స్విచ్ వేయగానే మూగబోయింది. వెనుక, కరెంటు తీగ గుచ్చే సాకెట్టు కింద ఉన్న చిన్న అరను లాగి చూస్తే లోపలి ఫ్యూజు పోయి ఉంది. దుకాణంవారు, ఎలాగూ మారుస్తున్నారు కదా అంటూ, వెండి తీగ, బంగారు పూత మూతలు, ఒంటి మీద బాణం గుర్తు ఉన్న ఒక ఫ్యూజును చూపించారు. దాని ధరకు, యంత్రానికి ఉన్న నాలుగు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ సాకెట్టుకు (ఎడమ, కుడి పక్కలకు వేర్వేరు తిరుగుదారులు ఉండే "బ్యాలెన్స్‌డ్" అవుట్‌పుట్‌కు) సరిపడే కేబుల్ ఒకటి చేయించుకోవచ్చు. తేడా తెలిసేది ఫ్యూజుతో కాదు, ఆ కేబుల్‌తోనే అని ఒక మిత్రుడు గట్టిగా చెబుతున్నారు. నా దగ్గర ఉన్నది సెన్‌హైజర్ హెచ్‌డీ 600, వినేది ఎక్కువగా కచేరీ రికార్డింగులు. ఏది చేయమంటారు?

రిపేరు బల్ల:

కొనే ముందు పోయిన ఫ్యూజును వెలుతురులో పెట్టి చూడండి. గాజు గొట్టం లోపల నల్లటి మసి, లోహపు మెరుపు అంటుకుని ఉంటే లోపల ఎక్కడో షార్టు అయినట్లు. అప్పుడు ఏ ఫ్యూజు వేసినా మళ్ళీ పోతుంది. గాజు శుభ్రంగా ఉండి తీగ మాత్రం మధ్యలో తెగి ఉంటే కథ వేరు. లోహపు మూత మీద చెక్కిన అక్షరాలు కూడా చదివి చెప్పండి.

మల్లేశ్వరం రసికుడు:

నేను చాలాకాలంగా ఖరీదైన ఫ్యూజులు వాడుతున్నాను, అందుకు సంకోచించను కూడా. యాంప్లిఫయర్‌లోకి వచ్చే ప్రతి వాటు కరెంటూ వెంట్రుకవంటి ఆ తీగ గుండానే రావాలి. ఫ్యూజు మార్చిన రోజు తంబూరా శ్రుతి వెనుక ఉండే మసక తొలగినట్లు, గాయకురాలి ఊపిరి విరామాలు విడివిడిగా వినిపించినట్లు నాకు స్పష్టంగా తెలిసింది. కొలతల్లో కనిపించనిదంతా భ్రమ అనడం కూడా ఒక మూఢనమ్మకమే. వేలు పోసి యంత్రం కొని, దాని గుమ్మంలో పది రూపాయల గాజు ముక్కను ఉంచడం నాకు సబబుగా తోచదు.

జయనగర్ శ్రోత:

గాజు శుభ్రంగానే ఉంది, తీగ మధ్యలో తెగింది. మూత మీద "ఎఫ్ 500 ఎంఏ ఎల్ 250 వీ" అని ఉంది. వెనుక పలక మీద మాత్రం 115 వోల్టులకు "టీ 1 ఏ", 230 వోల్టులకు "టీ 500 ఎంఏ" అని అచ్చు వేశారు.

రిపేరు బల్ల:

అయితే మీ యంత్రానికి రోగం లేనట్లే. ఎవరో టీ వేయవలసిన చోట ఎఫ్ వేశారు. ఎఫ్ అంటే వెంటనే తెగేది, టీ అంటే కొంచెం ఓర్చుకుని తెగేది. టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే కంకణం ఆకారంలో ఉండేది, స్విచ్ వేసిన తొలి క్షణంలో మామూలు కరెంటుకు పది రెట్లు, అంతకన్నా ఎక్కువ కూడా, లాగుతుంది. అది ఎంత ఉంటుందన్నది ఆ క్షణానికి ఏసీ తరంగం ఏ స్థానంలో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది: తరంగం సున్నా దగ్గర ఉన్నప్పుడు స్విచ్ పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది, శిఖరం దగ్గర పడితే మెత్తగా పోతుంది. అందుకే తప్పుడు ఫ్యూజు వారాల తరబడి బాగానే ఉండి, ఒకనాడు ఉన్నట్లుండి పోతుంది.

ఇక ఎల్ అనే అక్షరం. ఎంతటి షార్టు కరెంటునైనా తెంచగల శక్తి ఫ్యూజుకు ఉండదు. ఫ్యూజుల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60127 ప్రకారం ఎల్ రకం 35 ఆంపియర్లు లేదా తన రేటింగుకు పది రెట్లు, వీటిలో ఏది ఎక్కువైతే అంతవరకే సురక్షితంగా తెంచుతుందని హామీ. హెచ్ రకం, అంటే లోపల ఇసుక నింపిన పింగాణీది, 1500 ఆంపియర్ల వరకు తెంచగలదు. అపార్టుమెంటు లైనులో నేరుగా షార్టు అయితే పారగల కరెంటు 35 ఆంపియర్ల దగ్గర ఆగదు. రసికుడు గారి బంగారు ఫ్యూజు మీద ఈ అక్షరాలు, ధ్రువీకరణ ముద్ర ఉన్నాయో లేవో వారు చూసి చెబితే సంతోషిస్తాను. ఆ ముద్ర లేని వస్తువును 230 వోల్టుల లైనులో నేను పెట్టను, అది ఎంత మధురంగా పాడినా సరే.

ధ్వని సంగతికి వస్తే, 40 వాట్లు తినే యాంప్లిఫయర్ రెండు మూడు వందల మిల్లీఆంపియర్లు లాగుతుంది. ఈ రేటింగు ఫ్యూజు నిరోధం అర ఓమ్‌కు లోపే కనుక దాని మీద పోయేది 0.15 వోల్టు మించదు. దాని వెనకే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ చుట్ట, అంటే లైను వైపు చుట్ట, నిరోధం ఇరవై ఓమ్‌లకు అటూ ఇటూ ఉంటుంది. పక్కింటి ఫ్రిజ్ తిరగడం మొదలైతే లైనులో వోల్టు రెండు వోల్టులు ఊగుతాయి. పైగా క్లాస్-ఏ యంత్రం పాట ఉన్నా లేకున్నా దాదాపు ఒకే కరెంటు లాగుతుంది గనుక, గాయకురాలు ఊపిరి పీల్చిందో లేదో ఫ్యూజుకు తెలిసే దారే లేదు. బాణం గుర్తు గురించి ఏం చెప్పమంటారు? 50 హెర్ట్జ్ ఏసీలో కరెంటు ప్రతి 10 మిల్లీసెకన్లకు దిశ మారుతుంది.

మల్లేశ్వరం రసికుడు:

కరెంటు సాఫీగా పారుతుందన్నట్లు లెక్క వేశారు. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వెనుక, విద్యుత్తును నిల్వ చేసే కెపాసిటర్లు నిండేది తరంగపు శిఖరాల దగ్గర మాత్రమే. సెకనుకు వందసార్లు, సగటుకు కొన్ని రెట్లున్న పోట్లుగా కరెంటు వస్తుంది. అది మీ సగటు లెక్కలో ఏది? రెండవది, ఫ్యూజు కరెంటు ప్రవేశంలోనే ఉంటుందని ఎవరన్నారు? లోపల డీసీ లైన్లలో, కొన్ని పాత డిజైన్లలో ఏకంగా అవుట్‌పుట్ దారిలో కూడా ఫ్యూజులు ఉంటాయి. అక్కడ కూడా తేడా ఉండదంటారా?

రిపేరు బల్ల:

రెండవ ప్రశ్న అసలైన ప్రశ్న. అవుట్‌పుట్ దారిలో, ఫీడ్‌బ్యాక్ వలయానికి (అవుట్‌పుట్‌ను ఇన్‌పుట్‌తో పోల్చి తప్పును సరిదిద్దే వలయానికి) బయట ఫ్యూజు ఉంటే అది వినికిడికి సంబంధించిన వస్తువే. సంకేతంతో పాటు దాని తీగ వేడెక్కి చల్లారుతుంటే నిరోధం మారుతుంది, తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర ఆ మార్పు వక్రీకరణగా కొలతల్లో కనిపిస్తుంది. అయితే దానికి మందు బంగారు ఫ్యూజు కాదు. ఆ ఫ్యూజును ఫీడ్‌బ్యాక్ లోపలికి తేవడం, లేదా తీసేసి డీసీని పసిగట్టి తెంచే రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, పెట్టడం. స్విచ్ వేసిన కొన్ని సెకన్లకు "టక్" అని వినిపించేది అదే. కరెంటు ప్రవేశంలో ఉన్న ఫ్యూజు హెడ్‌ఫోన్‌ను కాపాడజాలదు: అవుట్‌పుట్ చెడిపోయి 15 వోల్టుల డీసీ 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ మీద పడితే పారేది 50 మిల్లీఆంపియర్లే, ఫ్యూజు కదలదు. 32 ఓమ్‌ల మీద పడితే ఏడు వాట్లు. కాయిల్ మాడుతుంది, ఫ్యూజు అప్పుడూ కదలదు.

మొదటి ప్రశ్నకు: పోట్లు నిజమే. కానీ ఆ పోట్లే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో కూడా పారుతున్నాయి కనుక నిష్పత్తి మారదు.

రసికుడు గారు విన్న తేడా అబద్ధమని నేను అనను. పాత ఫ్యూజు మూతల మీద, పట్టుకునే క్లిప్పుల మీద చిలుము పట్టి ఉంటుంది. కొత్తది తోస్తున్నప్పుడు ఆ రాపిడికి అది పోతుంది. పాత ఫ్యూజునే తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి విని చూశారా? మీరు గది బయట ఉండగా ఇంట్లో మరొకరు ప్లగ్గు పీకి ఫ్యూజు మార్చో, మార్చినట్లు నటించో, తిరిగి పెట్టాక వినండి. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా చెబితే నేను వాదన మానేస్తాను. ఊరికే ఊహించి అన్నిసార్లు గెలిచే అవకాశం నూటికి నాలుగు పాళ్ళ లోపే.

మల్లేశ్వరం రసికుడు:

హడావుడి పరీక్షలో చెవి అలసిపోతుంది. రోజుల తరబడి విన్నాకే నాకు తేడా పట్టుబడుతుంది.

రిపేరు బల్ల:

వారానికి ఒకటి చొప్పున వినండి, నాలుగు నెలలు పట్టినా అభ్యంతరం లేదు. లోపల ఏది ఉందో మీకు తెలియకుండా ఉండటమే నేను అడిగేది.

వైట్‌ఫీల్డ్ ఇంజినీరు:

ప్రశ్నలో రెండో సగాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మామూలు 6.35 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ జాక్‌లో ఎడమ, కుడి రెండింటికీ తిరుగుదారి ఒక్కటే. ఆ దారిలో, అంటే జాక్ కాంటాక్టులో, అక్కడి నుంచి బోర్డుకు వెళ్ళే తీగలో, 0.05 ఓమ్ ఉందనుకుందాం. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ అయితే ఒక పక్క శబ్దం రెండో పక్కకు సుమారు 56 డెసిబెల్‌లు తక్కువగా చొరబడుతుంది. 300 ఓమ్‌ల హెచ్‌డీ 600కు అది 75 డెసిబెల్‌లకు పైగా తక్కువ. శ్రోత గారి హెడ్‌ఫోన్ తీగలు ప్లగ్గు దాకా విడివిడిగానే వస్తాయి కనుక, కలిసేది చివరి అంగుళంలోనే. అంటే వారి విషయంలో ఈ లాభం కాగితం మీదిదే.

బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో తెలిసే పెద్ద తేడా బలం. ఒక్కో పక్కకు రెండు యాంప్లిఫయర్లు ఎదురెదురుగా నెడతాయి కనుక వోల్టేజీ రెట్టింపు, అంటే 6 డెసిబెల్‌లు ఎక్కువ. దానితో పాటు అవుట్‌పుట్ ఇంపీడెన్సూ, అంటే యాంప్లిఫయర్ సొంత నిరోధం కూడా, రెట్టింపే. హైఫైమ్యాన్ సుస్వర వంటి, సున్నితత్వం 83 డెసిబెల్‌ల దగ్గరే ఉండే బద్ధకపు హెడ్‌ఫోన్‌కు ఆ బలం అవసరం. మిగతావారిలో చాలామంది వింటున్నది ఆ 6 డెసిబెల్‌ల బిగ్గరతనాన్నే, పేరు మాత్రం "వేదిక విశాలమైంది" అని పెడతారు. పోల్చే ముందు శబ్దం సమం చేసుకోవాలి. మామూలు మల్టీమీటరు ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర తప్పుడు రీడింగు ఇస్తుంది గనుక 100 హెర్ట్జ్ స్వరంతో కొలవండి.

హెచ్‌డీ 600కు చూడవలసింది అవుట్‌పుట్ ఇంపీడెన్సు. పేరుకు 300 ఓమ్‌లైనా 100 హెర్ట్జ్ చుట్టుపక్కల అది 500 దాటుతుంది. 120 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉన్న పాతకాలపు యంత్రానికి తగిలిస్తే అక్కడ ఒక డెసిబెల్ పైచిలుకు లేస్తుంది; మృదంగం తొప్పి కాస్త బొద్దుగా వినిపిస్తుంది. కొందరికి అదే ఇష్టం, నాకూ కొన్ని రికార్డింగుల్లో ఇష్టమే. ఇది నిజంగా చెవికి అందే తేడా, దీనికి పైసా ఖర్చు లేదు.

కేబుల్ చేయించే ముందు ఒక పని చేయండి. యంత్రం ఆపి, ప్లగ్గు పీకి, హెడ్‌ఫోన్ తీసేసి, ఎక్స్ఎల్ఆర్ సాకెట్టులో 2, 4 పిన్నుల నుంచి 6.35 జాక్ గ్రౌండుకు మల్టీమీటరు పెట్టండి. దాదాపు సున్నా చూపిస్తే ఆ సాకెట్టు పేరుకే బ్యాలెన్స్‌డ్, లోపల అదే యాంప్లిఫయర్.

జయనగర్ శ్రోత:

ఎస్పీ రోడ్డులో "టీ 500 ఎంఏ హెచ్" పింగాణీ ఫ్యూజులు ఒక పొట్లం కొన్నాను. ఒకటి అరలో, ఒకటి దాని పక్కనే ఉన్న అదనపు గదిలో పెట్టాను. యంత్రం పాడుతోంది. మీరు చెప్పినట్లు కొలిస్తే రెండు పిన్నులూ సున్నా చూపించాయి కనుక కేబుల్ మానుకున్నాను. ఇంకొక్క సందేహం: మిత్రుడి దగ్గర నిజమైన బ్యాలెన్స్‌డ్ యంత్రం ఉంది, దానికి 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ సాకెట్టు మాత్రమే ఉంది. నా 6.35 ప్లగ్గును అందులోకి తెచ్చే అడాప్టర్ బజారులో కనిపించింది. వాడవచ్చా?

వైట్‌ఫీల్డ్ ఇంజినీరు:

వాడకండి. మీ ప్లగ్గులో రెండు తిరుగుదారులూ ఒకే లోహం కనుక, ఆ అడాప్టర్ ఎడమ యాంప్లిఫయర్ నెగెటివ్‌ను కుడి యాంప్లిఫయర్ నెగెటివ్‌తో నేరుగా కలుపుతుంది. ఆ రెండూ గ్రౌండు కావు, రెండూ సంకేతాన్ని నెట్టే అవుట్‌పుట్‌లే. పాటలో ఎడమ కుడి వేరుపడిన ప్రతిసారీ ఒకదాని మీదికి ఒకటి కరెంటు తోసుకుంటాయి. రక్షణ వలయం ఉంటే ఆగుతాయి, లేకుంటే ట్రాన్సిస్టర్లు పోతాయి. తిరగేసి వాడటంలో, అంటే బ్యాలెన్స్‌డ్ ప్లగ్గు ఉన్న హెడ్‌ఫోన్‌ను 6.35 సాకెట్టుకు తగిలించడంలో, ఏ ప్రమాదమూ లేదు.