వాన వచ్చే మాదిరుండాది: వాతావరణ ‘మోడల్’ను తెలుగులో ఏమనాలి?

వాతావరణ వార్తల్లో వచ్చే ‘మోడల్’ (రాబోయే వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టి చూసేది) అనే మాటకు తెలుగులో ఏం రాయాలని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. ఎక్కువ మంది ‘నమూనా’ అన్నారు. నాకు అది కుదరదనిపిస్తోంది. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వాననీళ్లు ఏరులై పారినప్పటి నుంచి, ఈశాన్య రుతుపవనాలు వస్తున్నాయంటే మా ఇంట్లో అందరికీ టెన్షనే. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినపడగానే ఫోన్‌లో మ్యాపులు తెరుస్తాం. అలా ఒకరోజు అమ్మకు చదివి వినిపించాను: “అమెరికా నమూనా ప్రకారం వాన చెన్నై వైపు, యూరప్ నమూనా ప్రకారం మన వైపు.” అమ్మ మిద్దె మీద చెనిక్కాయలు ఆరబోస్తోంది. చేట చేతిలో అట్లే పట్టుకుని, “వాన నమూనా ఏంది నాయనా, సీసాలో పట్టి పంపిస్తారా?” అని అడిగింది.

అమ్మ అడిగింది సబబే. నమూనా అంటే రక్త నమూనా, మట్టి నమూనా, నీటి నమూనా. అసలు దాంట్లోంచి తీసిన చిటికెడు. రక్త నమూనా కూడా రక్తమే కదా. వాతావరణ మోడల్‌లో చుక్క వాన లేదు, ఉన్నదంతా లెక్కే. భూమిని గళ్లు గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఇప్పుడు గాలి ఎటు వీస్తోంది, పీడనం ఎంత, వేడి ఎంత, తేమ ఎంత అని నింపుతారు. కొన్ని నిమిషాలకు అవి ఎలా మారతాయో భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్కగట్టి, వచ్చినదాని మీద మళ్లీ లెక్క, దాని మీద మళ్లీ లెక్క. ఇంగ్లండుకు చెందిన రిచర్డ్‌సన్ అనే శాస్త్రవేత్త ఈ లెక్కను చేత్తో చేసి 1922లో పుస్తకంగా వేశాడు. ఆరు గంటల అంచనాకు వారాల తరబడి కూర్చున్నాడు, అదీ తప్పింది. కంప్యూటర్ మీద మొదటిసారి చేసింది 1950లో.

ఇప్పుడు గడి సంగతి. 2025 మేలో మన దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టం అనే మోడల్‌లో గడి 6 కిలోమీటర్లు. అంతకుముందు వాడినదాంట్లో 12. పన్నెండు కిలోమీటర్ల గడిలో తిరుపతి, తిరుమల రెండూ ఇమిడిపోవచ్చు. కింద ఊరు, పైన 800 మీటర్లు దాటిన కొండ, రెండిటికీ కలిపి ఒకటే ఎత్తు! కంప్యూటర్ లోపల ఉన్నది మన శేషాచలం కాదు, శేషాచలం మాదిరి ఒకటి.

నేను చెప్పదలచుకున్న మాట ఇదే: మాదిరి. పోలి ఉంటుంది కానీ అదే కాదు అని ఆ మాటలోనే ఉంది. నమూనాలో అది లేదు. పైగా తమిళంలో మోడల్‌ను మాదిరి అనే అంటారు, కన్నడంలో మాదరి అంటారు. మూడు భాషలూ కలిసే కుప్పం వైపు ఈ మాటను ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేదు. మబ్బు కమ్మితే మా చిత్తూరు వాళ్ల నోట వచ్చేది కూడా అదే: “వాన వచ్చే మాదిరుండాది.” పడుతుందని ఒట్టు వేయకుండా, పడదని కొట్టిపారేయకుండా.

(మన దేశంలో మోడళ్లను నడిపే సూపర్ కంప్యూటర్లకు మాత్రం చక్కని పేర్లు పెట్టారు. ముందు ప్రత్యూష్, మిహిర్, తర్వాత అర్క, అరుణిక. అన్నీ సూర్యుడి చుట్టూ తిరిగే మాటలే. ఆ శ్రద్ధలో కొంత వాటిలో నడిచేదాని పేరు మీదా పెడదాం.)

గుంటూరు నుంచి ఒక వ్యాఖ్య:
“అన్నా, మా వైపు ‘ఓ మాదిరి వాన’ అంటే మరీ ఎక్కువా కాదు, తక్కువా కాదు అని. ‘మాదిరి ప్రకారం వాన’ అంటే తికమక పడరా? మోడల్ అనే ఉంచేస్తే పోలా?”

నా జవాబు:
మీరన్న చిక్కు ఉంది అక్కా. కానీ ఆ అర్థానికి వాతావరణ వార్తల్లో ‘ఓ మోస్తరు’ ఎప్పుడో స్థిరపడింది, ‘తేలికపాటి నుంచి ఓ మోస్తరు వర్షాలు’ అని రోజూ వింటున్నాం. అసలు చిక్కు నాకు ఇంకోచోట ఎదురైంది. ‘యూరప్ మాదిరి’ అంటే యూరప్ లాగా అని వినపడుతుంది. అందుకని ‘యూరప్ వాళ్ల వాతావరణ మాదిరి’ అని పూర్తిగా రాయాలి, బహువచనంలో ‘మాదిరులు’ అనాలి. మోడల్ అనే మాట మీద నాకు కోపం లేదు, కానీ మా అమ్మకు మోడల్ అంటే బండి మోడల్, టీవీ మోడల్.

ఈ కార్తీకంలో మళ్లీ అల్పపీడనం పట్టినప్పుడు అమ్మకు ఇలా చెప్పాను: “అమెరికా వాళ్లూ, యూరప్ వాళ్లూ కంప్యూటర్‌లో మన ఆకాశం మాదిరి ఒక్కోటి చేసి చూశారంట, రెండింట్లోనూ రేపు మన వైపే వాన.”

“అట్నా. అయితే పట్ట తీసుకురా, కాయలు ఎత్తేద్దాం” అంది.