పక్షవాతం తర్వాత చెయ్యి ఎగిరిపడుతుంటే హాలోపెరిడాల్ వెంటనే మొదలుపెట్టాలా, ఆగాలా?

కృష్ణాతీరం:
మా అత్తయ్యగారికి 71 ఏళ్లు. ఈమధ్యే స్ట్రోక్ వచ్చింది. మాట సర్దుకుంది గానీ, కుడి చెయ్యి ఎవరో విసిరినట్టు దానంతటదే ఎగురుతోంది. అన్నం కలపబోతే కంచం పక్కకి పోతోంది. మంచం పట్టెకి తగిలి మోచెయ్యి కమిలిపోయింది. నిద్రపోతే మాత్రం ఆగుతుంది. డాక్టరుగారు హాలోపెరిడాల్ రాశారు. మా మరిదేమో "అది పిచ్చికిచ్చే మందు వదినా, వద్దు, అదే తగ్గుతుంది" అని పట్టుబట్టాడు.

నిదానం:
మీ మరిది మాటలో నిజముందండీ. ఈ కదలికలు చాలామందిలో వారాల్లోనో నెలల్లోనో వాటంతటవే తగ్గుతాయి. ఆ వయసులో హాలోపెరిడాల్ పడితే మత్తు, ఒళ్లు బిగుసుకోవడం, మింగలేకపోవడం. ఎక్కువకాలం వాడితే మూతి, నాలుక నములుతున్నట్టు కదలడం మొదలై, మందు మానేసినా పోకపోవచ్చు. ఒక కదలిక పోగొట్టబోయి ఇంకోటి తెచ్చుకోవడం దేనికి?

న్యూరో_పీజీ:
వేళ్లు కాస్త ఆడుతుంటే నేనూ ఆగమనేవాణ్ణే. ఇక్కడ దెబ్బలు తగులుతున్నాయి, తిండి సాగట్లేదు. ఆగడానికీ ఖర్చుంటుంది సార్. మెదడులో కదలికలకి కళ్లెం వేసే సబ్‌థాలమిక్ కేంద్రమో, దాని చుట్టుపక్కల భాగమో దెబ్బతింటే, కదలికల్ని రేపే డోపమిన్ అనే మెదడు రసాయనానిది పైచెయ్యి అవుతుంది. ఈ మందు దాన్ని అడ్డుకుంటుంది. పిచ్చికీ అదే మందు, అంతే.
కృష్ణాతీరం గారూ, షుగరు ఎంతుంది? షుగరు విపరీతంగా పెరిగినా అచ్చం ఇలాగే చెయ్యి ఎగురుతుంది. అప్పుడు ముందు చెయ్యాల్సింది షుగరు దించడం. ఈసీజీ కూడా తీయించండి, ఈ మందు గుండె లయని మార్చగలదు.

నిదానం:
మరి ఈ కదలికలకే ఇచ్చే ఇంకో మందు, టెట్రాబెనజైన్ ఇవ్వొచ్చుగా? దానితో ఆ మూతి కదలికల బెడద దాదాపు లేదంటారు.

న్యూరో_పీజీ:
ఇవ్వొచ్చు. కానీ అది డోపమిన్ నిల్వల్నే ఖాళీ చేస్తుంది, దిగులు పెంచుతుంది. స్ట్రోక్ తర్వాత అసలే చాలామంది కుంగిపోయి ఉంటారు. పైగా దిగులుకి ఫ్లూయాక్సెటిన్ ఇస్తుంటే టెట్రాబెనజైన్ ప్రభావం పెరిగిపోతుంది. ఈ రెంటిలో ఏది మేలో తేల్చిన పెద్ద పరీక్ష ఏదీ లేదు. ఎవరి అనుభవం వాళ్లది.

మందుల_కొట్టు_తెనాలి:
డాక్టర్ల గొడవ డాక్టర్లది, నా గోడు వినండి. పదిహేను రోజులకి రాసిన చీటీ మడతలు చిరిగిపోయేదాకా మా కౌంటరుకి వస్తూనే ఉంటుంది. "అయ్యే మళ్లీ ఇవ్వండి" అంటారు. "చెయ్యి ఇంకా ఎగురుతోందా?" అంటే "ఎప్పుడో ఆగిపోయిందిగా!"

నిదానం:
నా భయం సరిగ్గా అదే!

న్యూరో_పీజీ:
అది మందు తప్పు కాదు, మళ్లీ చూపించుకోకపోవడం. తక్కువ డోసుతో మొదలుపెట్టి, ఎప్పుడు తగ్గించి చూడాలో ఆ తేదీ చీటీ మీదే రాయించుకోవాలి.

కృష్ణాతీరం:
చేరినప్పుడు షుగరు 148. ఈసీజీ బాగానే ఉందన్నారు. మందు వేద్దామనే అనుకుంటున్నాం, తేదీ అడిగి రాయించుకుంటాను. మరిది ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు.

న్యూరో_పీజీ:
ఆయనకే ఓ పని చెప్పండి. వారానికోసారి అదే కుర్చీలో కూర్చోబెట్టి ఒక నిమిషం వీడియో తియ్యమనండి, చేతితో పాటు మొహం కూడా పడేలా. నీళ్లు తాగుతుంటే పొలమారినా, నడక బిగుసుకున్నట్టనిపించినా తేదీ దాకా ఆగకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యండి.