అప్‌డేట్: అమ్మకు మూత్రంలో మంట, చలిజ్వరం – ఇన్ఫెక్షనే

పోయిన వారం ఇక్కడ అమ్మ గురించి అడిగింది నేనే. అమ్మకు 58 ఏళ్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు పోయొచ్చిన మర్నాటి నుంచి మంట, అరగంటకోసారి మూత్రం, అదీ చుక్కలు చుక్కలుగా. వేడి చేసిందేమో, బార్లీ నీళ్లు తాగించి రెండ్రోజులు చూద్దామా, లేక ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేద్దామా అని అడిగాను.

“చలిజ్వరం, నడుము పక్కన నొప్పి మొదలైతే ఇక ఆగొద్దు” అని రాసినవాళ్లకు చేతులెత్తి మొక్కుతున్నా. ఆ రాత్రే రెండూ మొదలయ్యాయి. పొద్దున్నే తిరుపతిలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందన్నారు. ముందు యూరిన్ కల్చర్‌కు (మూత్రంలో ఏ క్రిమి ఉందో, దానిమీద ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష) శాంపిల్ తీసుకుని, ఆ తర్వాతే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మందు పడ్డాక శాంపిల్ ఇస్తే క్రిమి దొరక్కపోవచ్చట.

రెండ్రోజులకు రిపోర్టు వచ్చింది: ఈ.కోలై అనే బ్యాక్టీరియా. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేద్దామని నేను అడిగాను చూడండి, ఆ మందు దానిమీద పనిచేయదని అందులోనే ఉంది. వేసుంటే ఏమయ్యేదో, తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంది.

కిడ్నీలో రాయి ఉందేమోనన్న అనుమానం తప్పు, స్కాన్‌లో ఏమీ లేదు. షుగరూ లేదు. మంట తగ్గడానికని తాగిన సిరప్ కాస్త ఊరటనిచ్చిందే గానీ జబ్బును తగ్గించలేదు. దారిలో బాత్రూంకి పోవాల్సొస్తుందని అమ్మ నీళ్లు తాగలేదు, వచ్చినా ఆపుకుంది. అదీ ఒక కారణం కావచ్చన్నారు.

మూడోరోజుకు జ్వరం దిగింది. మాత్రల కోర్సు ఇంకా నాలుగు రోజులుంది, పూర్తిగా వేయిస్తున్నా.